కాలిన ఇల్లు మళ్ళీ కట్టడానికి ఎంతవుతుంది?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మనవాళ్ళు. కట్టిన ఇల్లు కాలిపోతే మళ్ళీ కట్టి చూడు అని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు. అనాల్సింది!

2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గర పాలిసేడ్స్‌లోనూ, ఆల్టడీనాలోనూ మంటలు రేగి పదహారు వేలకు పైగా కట్టడాలు బూడిదైపోయాయి. మేముండేది బే ఏరియాలో. అందరిలాగే టీవీ ముందు కూర్చుని అయ్యో అనుకుంటున్నాం. ఆ వారంలోనే శాక్రమెంటో నుంచి స్నేహితుడొకడు ఫోను చేశాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ కాలేజీ రోజుల నుంచీ ఒకళ్ళనొకళ్ళం బావా అనే పిలుచుకుంటాం.

"బావా, నీ ఇంటి ఇన్స్యూరెన్సు ఎంతకుంది?"

"ఏమో. లోను తీసుకున్నప్పుడు ఏజెంటు ఏదో రాశాడు, బ్యాంకు వాడు సరే అన్నాడు. ఏటా కట్టేస్తున్నా."

"తీసి చూడు ఓసారి. నా ఇల్లు పన్నెండు లక్షల డాలర్లు చేస్తుంటే మావాడు ఆరు లక్షలకే రాశాడు. సగానికి సగం ముంచాడు!"

తీసి చూశాను. నాది 4,60,000 డాలర్లకు ఉంది. ఇల్లు కొన్నది దానికి రెండింతలకు పైనే. కాసేపు నాకూ కాళ్ళాడలేదు. తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే బావ చెప్పినదాంట్లో సగం తప్పు, సగం ఒప్పు అని అర్థమైంది.

తప్పేమిటంటే, స్థలం కాలదు. మన ఊళ్ళో ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు: స్థలం గజం ఇంత, కట్టుబడి చదరపు అడుగుకి ఇంత అని రెండు వేరు వేరు లెక్కలు. బే ఏరియాలో ఇంటి ధరలో పెద్ద భాగం స్థలానిదే. కాబట్టి కొన్న ధర కంటే తక్కువకి పాలసీ రాసినంత మాత్రాన అది మోసం కాదు. ఇక ఒప్పేమిటంటే, ఆ 4,60,000తో నా ఇల్లు మళ్ళీ లేస్తుందా అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అసలు ఆ అంకె ఎవరు వేశారో, ఏ లెక్కన వేశారో కూడా తెలీదు. పదేళ్ళ క్రితం సంతకం మాత్రం నాదే. సాఫ్టువేరు లైసెన్సు ఒప్పందాన్ని చదవకుండా కింద 'ఒప్పుకుంటున్నాను' నొక్కేస్తాం చూడండి, అచ్చం అలాగే.

రెండు వీకెండ్లు కూర్చుని ఈ విషయం గురించి చదివాను. నాకర్థమైనంతలో, ఇల్లు కాలాక జరిగే గొడవల్లో చాలావాటికి మూలం ఒకటే. కట్టడానికి ఎంతవుతుందన్న అంకెను ముందుగా ఎవరు వేశారు? అది తప్పయితే ఆ నష్టం ఎవరిది? ఈ పేచీ మూడున్నర శతాబ్దాల నాటిది.

సరే, చరిత్రలోకి వెళదాం.

1666 సెప్టెంబరులో లండన్ నగరం నాలుగు రోజులపాటు తగలబడింది. 13,200 ఇళ్ళు పోయాయి. అప్పటికి ఇళ్ళకి ఇన్స్యూరెన్సు అన్నదే లేదు. ఇళ్ళు కాలిన జనంలో ఎక్కువమంది అద్దెదార్లు. వాళ్ళు రాసుకున్న లీజుల్లో మరమ్మతులన్నీ అద్దెకున్నవాడే చేయించుకోవాలని ఉండేది. అంటే ఇల్లు పోయినా అద్దె కట్టాలి, పైగా ఇల్లూ వాడే కట్టాలి! యజమాని దర్జాగా కూర్చోవచ్చు. ఆ లెక్కన పోతే ఊరు మళ్ళీ లేచేది కాదు. అందుకని 1667 మొదట్లో పార్లమెంటు ఒక ప్రత్యేక కోర్టు పెట్టింది. దాన్ని ఫైర్ కోర్టు అన్నారు. పెద్ద న్యాయమూర్తులే జీతం పుచ్చుకోకుండా కూర్చుని, మామూలు కోర్టుల తతంగం లేకుండా చకచకా తీర్పులిచ్చారు. పాత ఒప్పందాన్ని రద్దు చేసే అధికారం, అద్దె తగ్గించే అధికారం, లీజు పొడిగించే అధికారం వాళ్ళకిచ్చారు. కట్టడానికి ముందుకొచ్చినవాడికి అద్దె తగ్గించి, ఎక్కువ ఏళ్ళు ఉండనిచ్చేవారు. ఖర్చు ఇద్దరూ పంచుకునేట్టు చేయడమే వాళ్ళ పద్ధతి. కాగితంలో ఏముందన్నది చూసి ఊరుకోకుండా, ఇల్లు లేవాలంటే ఏం చెయ్యాలి అన్నది చూశారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇన్స్యూరెన్సు ఆ తర్వాత వచ్చింది. నికొలస్ బార్బన్ అనే ఆయన వైద్యం చదువుకుని, అది వదిలేసి ఇళ్ళు కట్టి అమ్మే వ్యాపారంలో దిగాడు. (మనోళ్ళు ఇంజనీరింగు చదివి రియల్ ఎస్టేటులో దిగినట్టు.) 1680-81లో ఫైర్ ఆఫీస్ అని పెట్టాడు. ప్రీమియం ఇంటి అద్దెను బట్టి: ఇటుక ఇంటికి ఏడాది అద్దెలో రెండున్నర శాతం, చెక్క ఇంటికి దానికి రెట్టింపు. ఇప్పటి భాషలో చెప్పాలంటే రిస్కును బట్టి రేటు.

తొలినాటి కంపెనీలు డబ్బు ఇవ్వడమా, ఇల్లు కట్టివ్వడమా అన్నది ఎంచుకునే హక్కు తమ దగ్గరే ఉంచుకునేవి. ఇది నాకు భలే నచ్చింది. ఇల్లు పోయింది, ఇల్లు ఇస్తాం. ఇందులో అంకె గురించి పేచీయే లేదు. ఇటుక ధర పెరిగితే అది కంపెనీ నెత్తిన పడుతుంది.

1774లో ఇంగ్లండులో ఇంకో చట్టం వచ్చింది. జనం ఎక్కువ మొత్తానికి ఇన్స్యూరెన్సు చేయించి, తామే నిప్పుపెట్టి, డబ్బు తీసుకుని పోతున్నారన్న భయంతో తెచ్చిన చట్టం. ఇంటి మీద హక్కున్నవాళ్ళు ఎవరడిగినా, లేదా కంపెనీకే అనుమానం వచ్చినా, ఆ డబ్బుని ఇల్లు కట్టడానికే ఖర్చు పెట్టాలి. ఆ సెక్షను ఇంగ్లండులో ఇప్పటికీ అమల్లో ఉంది. అయితే అందులో ఒక చిన్న మెలిక: పాలసీ డబ్బు ఎంతవరకు వస్తే అంతవరకే కట్టాలి. సగం గోడల దగ్గర డబ్బైపోతే? అది ఇంటివాడి ఖర్మ. ఇల్లు అనే వాగ్దానం పక్కకి జరిగి, దాని స్థానంలో అంకె వచ్చి కూర్చుందన్నమాట.

కట్టిస్తామని మాటిచ్చిన కంపెనీల పాట్లు వేరే ఉన్నాయి. 1859లో లండన్ కేసు ఒకటి చూడండి. అగ్ని ప్రమాదం జరిగిన కట్టడాన్ని తామే బాగుచేయిస్తామని కంపెనీ ఎంచుకుంది. పని మొదలయ్యాక, ఈ గోడలు ప్రమాదకరం, పడగొట్టండి అని నగర అధికారులు ఆదేశించారు. ఇలా అవుతుందనుకోలేదు, మా వల్ల కాదు అంది కంపెనీ. కట్టిస్తామని ఎంచుకున్నాక ఖర్చు పెరిగిందని వెనక్కి పోవడం కుదరదంది కోర్టు. ఇలాంటి తీర్పులు చూశాక ఏ కంపెనీకి మాత్రం కట్టివ్వాలన్న ఉత్సాహం ఉంటుంది? డబ్బు ఇచ్చి చేతులు దులుపుకోవడమే సుఖం.

డబ్బు ఇవ్వడం అనగానే ఎంత అన్న ప్రశ్న. మీ నాన్నగారు నలభై ఏళ్ళ క్రితం కట్టిన డాబా కాలిపోయిందనుకోండి. దాని విలువ ఎంత? పాత ఇంటికి తరుగు తీసేస్తే వచ్చే డబ్బుతో పాత ఇల్లు కట్టుకోలేరు. ఎందుకంటే నలభై ఏళ్ళ పాత ఇటుకలు, నలభై ఏళ్ళ పాత తలుపులు ఎవడూ అమ్మడు. కొత్త ఇల్లే కట్టాలి. అలాగని కొత్త ఇంటి ఖర్చంతా ఇస్తే, ఇల్లు కాలడమే లాభసాటి అవుతుంది కదా అని కంపెనీ వాదన. రెండూ నిజమే. అమెరికాలో 1928లో న్యూయార్కు కోర్టుకి ఇలాంటి కేసే వచ్చింది. బీరు తయారీకి కావలసిన మాల్టు చేసే కట్టడం, మద్య నిషేధం వల్ల దేనికీ పనికిరాకుండా ఉండగా కాలిపోయింది. కట్టుబడి ఖర్చు చూస్తే చాలా ఎక్కువ, అమ్మితే చాలా తక్కువ. ఏ ఒక్క లెక్కనో పట్టుకోవద్దు, విలువ తెలిపే సాక్ష్యాలన్నీ చూసి తేల్చండి అంది కోర్టు. న్యాయంగానే ఉంది గానీ, ఇలా అన్నాక ప్రతి ఇల్లూ ఒక వ్యాజ్యమే!

దీనికి విరుగుడుగా వచ్చిందే రీప్లేస్‌మెంట్ కాస్ట్ పాలసీ. తరుగు తియ్యం, కొత్తగా కట్టడానికి అయ్యే ఖర్చు ఇస్తాం అన్నమాట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఇంటి పాలసీల్లో ఇది మామూలైంది. షరతు ఏమిటంటే, కట్టుబడి ఖర్చులో కనీసం ఎనభై శాతానికైనా పాలసీ ఉండాలి. కొన్ని కంపెనీలు ఇంకో అడుగు ముందుకేసి గ్యారంటీడ్ అన్నాయి. పాలసీలో అంకె ఎంతున్నా సరే, ఇల్లు లేచేదాకా ఖర్చు మాదే అని. అంటే మూడొందల ఏళ్ళ తర్వాత మళ్ళీ బార్బన్ కాలానికి దగ్గరగా వచ్చారు. ఎన్నాళ్ళు? ఒక పెద్ద మంట వచ్చేదాకా.

1991 అక్టోబరు 20, ఆదివారం. ఓక్లండ్ కొండల్లో, ముందురోజు ఆరిపోయిందనుకున్న చిన్న గడ్డిమంట గాలికి మళ్ళీ రేగింది. 25 మంది చనిపోయారు. దాదాపు మూడు వేల ఇళ్ళు, నాలుగు వందలకు పైగా అపార్టుమెంట్లు పోయాయి. మనలో చాలామంది రోజూ ఆఫీసుకి పోయే దారిలో కనిపించే కొండలే అవి. బూడిద చల్లారాక కాగితాలు తీసి చూసుకుంటే చాలామందికి పాలసీ చాలదని తేలింది. ఏజెంటు అన్నీ కవరవుతాయన్నాడు అని వీళ్ళు. కాగితంలో ఉన్నదే ఇస్తాం అని వాళ్ళు. కొండవాలు మీద పునాది ఖర్చు వేరు. పాత ఇంట్లో లేని కొత్త నిబంధనలు ఇప్పుడు కట్టే ఇంటికి వర్తిస్తాయి, ఆ ఖర్చు వేరు. వేల ఇళ్ళు ఒకేసారి కట్టాలంటే వడ్రంగి దొరకడు, దొరికినవాడు చెప్పిందే రేటు. ఇవేవీ పాత అంకెలో లేవు.

ఆ గొడవల్లోంచే యునైటెడ్ పాలసీహోల్డర్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ పుట్టింది. ఏ రకం పాలసీ ఏమిస్తుందో మామూలు మాటల్లో రాసిన పత్రం ప్రతి ఇంటివాడికీ ఇవ్వాలని కాలిఫోర్నియా చట్టం తెచ్చింది. ఇంకోపక్క, 1994 నార్త్‌రిడ్జ్ భూకంపం కూడా అయ్యాక కంపెనీలు గ్యారంటీ అన్న మాటని మెల్లగా మాయం చేశాయి. దాని బదులు ఎక్స్‌టెండెడ్ అని తెచ్చాయి. అంటే పాలసీ అంకె మీద ఇంకో ఇరవై ఐదు శాతమో, యాభై శాతమో అదనం, అంతే. మళ్ళీ అంకె దగ్గరికే వచ్చాం.

ఇక్కడ మన సాఫ్టువేరు వాళ్ళ పాత్ర మొదలవుతుంది. ఇన్ని లక్షల ఇళ్ళకి ఒక్కో ఇంటికీ మనిషిని పంపి లెక్క కట్టించడం కుదరదు కదా. అందుకని ఏజెంటు ముందు ఒక ప్రోగ్రాము ఉంటుంది. ఎన్ని చదరపు అడుగులు, ఏ సంవత్సరం కట్టారు, ఎన్ని అంతస్తులు, వంటగది ఏ రకం అని అడుగుతుంది. తెలియనివాటికి డీఫాల్టు ఉంటుంది. చివర్లో ఒక అంకె వస్తుంది.

2003లోనూ, 2007లోనూ దక్షిణ కాలిఫోర్నియాలో వేల ఇళ్ళు కాలినప్పుడు ఇలాంటి అంకెలు చాలవని మళ్ళీ తేలింది. జనం కోర్టుకెళ్ళారు. 2008లో అక్కడి అప్పీలు కోర్టు ఒక కేసులో ఏమందంటే, ఎంతకి ఇన్స్యూరెన్సు కావాలో చూసుకోవాల్సిన బాధ్యత ఇంటివాడిదే, రెన్యువల్ కాగితాల్లో ఆ సంగతి రాసే ఉంది కదా అని. అంటే లెక్క కట్టే ప్రోగ్రాము కంపెనీ వైపు ఉంటుంది, తప్పొస్తే నీది!

ప్రభుత్వం వేరే దారి పట్టింది. 2010లో కాలిఫోర్నియా ఇన్స్యూరెన్సు శాఖ ఒక నిబంధన చేసింది. కట్టుబడి ఖర్చు ఇంత అని అంచనా ఇవ్వమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టడం లేదు, కానీ ఇస్తే మాత్రం పూర్తిగా ఇవ్వండి అని. కూలి, సామాను, కాంట్రాక్టరు లాభం, శిథిలాలు తీసే ఖర్చు, పర్మిట్లు, ఆర్కిటెక్టు ఫీజు అన్నీ అందులో ఉండాలి. పునాది ఏ రకం, కప్పు ఏ రకం, కొండవాలు మీద ఉందా, లోపలి పనితనం ఎలాంటిది అన్నవీ చూడాలి. ఇవి వదిలేసి అంచనా ఇస్తే అది జనాన్ని తప్పుదారి పట్టించడం కిందే లెక్క. కంపెనీల సంఘం కోర్టుకెక్కింది, కింది రెండు కోర్టుల్లో గెలిచింది కూడా. చివరికి 2017 జనవరిలో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు ఆ నిబంధన చెల్లుతుందని తేల్చింది.

అదే ఏడాది అక్టోబరులో శాంటారోజా కాలింది. కాఫీ పార్క్ అని అడవికి దూరంగా, చదును నేల మీద ఉన్న కాలనీ. అక్కడికి మంట వస్తుందని ఎవరూ అనుకోలేదు. గాలికి నిప్పురవ్వలు ఆరు లైన్ల హైవే దాటి వచ్చాయి. నాతో ఇదివరకు పనిచేసిన పెద్దాయన ఒకాయన ఇల్లు అక్కడే ఉండేది. పాలసీ 3,80,000 డాలర్లు, పైన ఇరవై ఐదు శాతం కలిపితే 4,75,000. కాంట్రాక్టరు చెప్పింది 6,10,000. తేడా ఎక్కడొచ్చిందని అంచనా కాగితం తెప్పించి చూస్తే, గారేజీ మీద ఆయన ఎప్పుడో 1998లో వేయించుకున్న గది అందులో లేనే లేదు. పర్మిటు ఉంది, ఇంటి పన్ను కడుతున్నాడు, ప్రోగ్రాములో మాత్రం లేదు. మూడేళ్ళు ఉత్తరాలు రాసి, ఓపిక అయిపోయి, మూడు బెడ్రూముల ఇంటిని రెండు బెడ్రూముల ఇల్లు చేసుకున్నాడు. "డబ్బు సంగతి సరే, నా ఇల్లెంతో నాకు తెలుసు, ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు" అన్నాడాయన లంచి టేబుల్ దగ్గర. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ మంటల తర్వాత 2018లో కొన్ని మంచి చట్టాలొచ్చాయి. రీప్లేస్‌మెంట్ కాస్ట్ పాలసీ ఉన్నవాళ్ళకి కంపెనీ రెండేళ్ళకోసారి కొత్త అంచనా పంపాలి. ఎమర్జెన్సీ ప్రకటించిన విపత్తుల్లో పూర్తి ఖర్చు రాబట్టుకోవడానికి కనీసం మూడేళ్ళ గడువు ఇవ్వాలి. అదే స్థలంలో కట్టక్కర్లేదు, ఇంకోచోట కట్టుకున్నా, కొనుక్కున్నా డబ్బు ఇవ్వాలి. ఫైర్ కోర్టు న్యాయమూర్తులు చూస్తే మెచ్చుకునేవాళ్ళు.

మళ్ళీ నా 4,60,000 దగ్గరికొస్తాను. ఏజెంటుకి ఫోను చేసి, అంచనా కాగితం మొత్తం పంపమన్నాను. నాలుగు పేజీలు. మొదటి పేజీలోనే 1,640 చదరపు అడుగులని ఉంది. నా ఇల్లు 1,980. వెనక గది కలపకముందు లెక్క అది, పాత యజమాని కాలం నాటిది. వంటగది స్టాండర్డ్. బాత్రూములు స్టాండర్డ్. నేల స్టాండర్డ్. స్థలం వాలు: లేదు. మా పెరటి వైపు మెట్లు దిగి వెళ్ళాలి మహాప్రభో!

కోపం రావాలి కదా? సిగ్గేసింది. ఎందుకంటే ఇలాంటి ఫారాలు నేను రాశాను. ఇన్స్యూరెన్సుకి కాదు, వేరే వ్యాపారానికి. వినియోగదారుడు ఏదీ ఎంచుకోకపోతే స్క్రీను ముందుకి కదలదని టెస్టరు బగ్గు రాస్తే, అన్నిటికీ స్టాండర్డ్ అని డీఫాల్టు పెట్టి బగ్గు మూసేశాను. ఐదు నిమిషాల పని. ఆ స్టాండర్డ్ ఎవరింటి మీద ఎలా పడిందో నాకు తెలీదు, ఎప్పటికీ తెలియదు.

వివరాలు సరిదిద్దాక కొత్త అంకె 7,90,000 వచ్చింది. పైన ఇరవై ఐదు శాతం. ప్రీమియం పెరిగింది, మా ఆవిడ రెండు రోజులు గొణిగింది. మాకు తెలిసిన కాంట్రాక్టరు చదరపు అడుగుకి 550 తక్కువ కాదన్నాడు. ఆ లెక్కన 10,89,000 అవుతుంది. అదనం కలుపుకున్నా 9,87,500 దగ్గరే ఆగుతాను. ఇంకా లక్ష డాలర్ల తేడా ఉంది. అయినా ఇప్పుడు ఆ తేడా ఎంతో నాకు తెలుసు.

అన్నట్టు, ఇండియాలో కూడా ఈ లెక్కే. పాత అగ్ని పాలసీల్లో ఒక మెలిక ఉండేది: ఇంటి విలువలో సగానికే ఇన్స్యూరెన్సు చేయిస్తే, నష్టం లక్షయినా యాభై వేలే ఇస్తారు. 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే పాలసీ వచ్చింది. అందులో ఆ కోత లేదు. కార్పెట్ ఏరియాని ఇప్పటి కట్టుబడి రేటుతో గుణించి మొత్తం కడతారు, ఏటా పది శాతం దానంతటదే పెరుగుతుంది. స్థలం లెక్క ఇందులో రాదు. మా నాన్నగారుండే కూకట్‌పల్లి ఫ్లాటు పాలసీ తీసి చూడమంటే, "బ్యాంకు వాళ్ళే చేయించార్రా, నాకేం తెలుసు" అన్నారు. అచ్చం నేను బావకి చెప్పిన జవాబే.

కాబట్టి మీరు చెయ్యాల్సింది చిన్న పని. పాలసీ మొదటి పేజీలో అంకె చూసి ఊరుకోకండి. ఆ అంకె వెనకున్న అంచనా కాగితం అడిగి తెప్పించుకోండి. చదరపు అడుగులు, వాలు, తర్వాత కలిపిన గదులు, స్టాండర్డ్ అని రాసిన ప్రతి గడీ సరిచూడండి. తప్పుంటే ఉత్తరం రాసి దిద్దించుకోండి, ఫోనులో చెప్పి వదిలెయ్యకండి. తెలిసిన కాంట్రాక్టరుని చదరపు అడుగు రేటు అడగండి. గంట పని. మనం రాసే ప్రతి ఫారానికీ కోడు రివ్యూ చేస్తాం కదా, తలమీద ఉన్న కప్పుకి ఒక్కసారి చెయ్యలేమా?

బావకి ఇదంతా చెబితే అంచనా కాగితం తెప్పించుకున్నాడు. వాడి ఇంటికి ఒక అంతస్తు తక్కువ రాసి ఉందట.